కీబోర్డుకి అక్షరాలు రావు

కీబోర్డు మీద అక్షరాలుంటాయి గానీ, కీబోర్డుకి అక్షరాలు రావు. దాని లోపల అడ్డం, నిలువు తీగల వల ఒకటుంటుంది. మీట నొక్కినచోట ఒక అడ్డు తీగ, ఒక నిలువు తీగ కలుస్తాయి. లోపలున్న చిన్న చిప్పు ఆ వలను ఆపకుండా తడుముతూ, ఎక్కడ కలిశాయో కనిపెట్టి కంప్యూటర్‌కి ఒక అంకె పంపిస్తుంది. 1981 నాటి ఐబీఎమ్ పీసీలో ‘కె’ మీట అంకె 37. వేలు తీసేస్తే దానికి 128 కలిపి 165. నొక్కారు, వదిలారు. దానికి తెలిసిన కథ అంతే.

1996లో యూఎస్‌బీ వచ్చాక మాటామంతీ తిరగబడింది. అంతకుముందు కీబోర్డు తానే కబురు పెట్టేది. ఇప్పుడు కంప్యూటరే కొన్ని మిల్లీసెకన్లకోసారి “ఏమైనా ఉందా?” అని అడుగుతుంది. అడిగినప్పుడు, ఆ క్షణాన నొక్కి ఉన్న మీటల జాబితా కీబోర్డు చెప్తుంది. ఈ జాబితాలో అదే ‘కె’ 14.

తెలుగు టైప్‌రైటర్ ఇలా కాదు. మీటకీ, కాగితం మీద పడే అచ్చుకీ మధ్య ఇనప కడ్డీ ఉండేది. కంప్యూటర్‌లో ఆ కడ్డీ తెగిపోయింది. 14 అంటే ఏ అక్షరమో యంత్రంలో ఉన్న పట్టిక చెప్పాలి. ఇంగ్లీషు కోసం తయారైన కీబోర్డుని ముట్టుకోకుండా, ఆ పట్టిక ఒక్కటీ మార్చి తెలుగు రాసుకోవచ్చు. నా దృష్టిలో తెలుగుకి ఇంతకంటే మంచి అవకాశం లేదు.

పట్టికలూ వచ్చాయి. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్‌ని ఖాయం చేసింది. అందులో ‘క్ర’ రాయాలంటే కె, డి, జె నొక్కాలి: క, పొల్లు, ర. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం పేరుతో పుట్టిన ఆర్టీఎస్‌లో అయితే కె, ఆర్, ఎ. మా బంజారా హిల్స్ దిగితే వచ్చే అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టూ కోర్సులు నేర్చినవాళ్ళ వేళ్ళకి ఇంగ్లీషు మీటలే అలవాటు. అలాంటివాళ్ళకి ఆర్టీఎస్, తర్వాత లేఖిని సులువయ్యాయి. ఏ దారిన వెళ్ళినా యూనికోడ్‌లో చేరేది ఒక్కచోటికే: 3093, 3149, 3120. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకి చోటుంది.

కానీ కాగితం మీద చోటు దొరికితే సరిపోదు కదా. మామూలు విండోస్ కంప్యూటర్లో యూనికోడ్ తెలుగు కనబడటానికి 2001లో ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఫాంటు రావాల్సి వచ్చింది. అప్పటిదాకా పుస్తకాలు ఆగవు. డీటీపీ ఫాంట్లు ఒక ఉపాయం పట్టాయి: తలకట్టు, గుడి, ఒత్తు లాంటి ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టాయి. తెర మీద తెలుగు, అచ్చులో తెలుగు, ఫైల్లో మాత్రం ఇంగ్లీషు గుర్తులు. ఒక ఫాంటులో గుడి ఉన్న గదిలో ఇంకో ఫాంటుకి ఒత్తు ఉండొచ్చు.

ఈ ఉపాయాన్ని నేను తప్పుపట్టను. అది లేకపోతే ఎన్నో కథలు, కవితలు అచ్చయ్యేవే కావు. కానీ ఆ ఫైళ్ళు ఇప్పుడు తెరిస్తే, ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలు కనిపిస్తాయి. వెతికితే ఒక్క తెలుగు మాటా దొరకదు. రచయిత వేళ్ళతో నొక్కింది ‘అమ్మ’ అయినా, ఫైలుకి ఆ సంగతి తెలీదు. ఇంటర్నెట్‌లో వెతికి చదవడం అలవాటైన పాఠకుడికి, దొరకని పుస్తకం రాయని పుస్తకంతో సమానం.

వీటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లున్నాయి. ముందు అది ఏ ఫాంటో తెలియాలి. మార్చాక ఒక మనిషి కూర్చుని ఒత్తులు, సున్నాలు సరిచూడాలి. ఆ ఫాంటు పేరు గుర్తున్నవాళ్ళు, ఆ పుస్తకం టైపు చేసినవాళ్ళు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి. కీబోర్డు అప్పుడు పంపిన అంకెల్ని ఎక్కడా దాచిపెట్టలేదు.