భివండి సాంచాలు, సిరిసిల్ల సాంచాలు

భివండి చరిత్ర రాసినవాళ్లు రెండు సంగతులు వదలరు. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాది నుంచి తరలివచ్చిన మోమిన్ నేతగాళ్లు ఒకటి, 1970, 1984 మే నెలల్లో ఊరిని తగలబెట్టిన మతకల్లోలాలు మరొకటి. తెలుగువాళ్ల ప్రస్తావన మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరి. అది అన్యాయం. మన సిరిసిల్ల చరిత్రలో సగం ఈ థానే జిల్లా ఊళ్లోనే ఉంది.

బొంబాయి వలస మనకు పాతదే. నిజాం ఇలాకా నుంచి కూలికి పోయిన కామాఠీల పేరే కామాఠీపురాకు వచ్చింది. తర్వాతి తరాలు మిల్లుల్లో చేరాయి. భివండిలో 1930ల నుంచి కరెంటు మగ్గాలు, అంటే సాంచాలు, మొదలయ్యాయి. మిల్లులు తీసేసిన పాతవాటినే కొనుక్కొచ్చి షెడ్లలో బిగించుకున్నారు. చేతిమగ్గం మీద ఇల్లు గడవని తెలంగాణ పద్మశాలీలు అటు దారిపట్టారు. పద్మానగర్ వాళ్ల పేటయింది. శాంతి నగర్ లాంటి బస్తీల్లో ఇళ్లూ షెడ్లూ ఒరుసుకునే ఉంటాయి.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట సుమారు రెండున్నర లక్షల మంది బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. మిల్లుల్లో నేయాల్సిన బట్ట భివండికి మళ్లింది. పని పెరిగింది గానీ బతుకు మెరుగుపడలేదు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. ఒక్కడే నాలుగైదు సాంచాల మధ్య తిరగాలి. నాడెలో కండె అయిపోతే మార్చాలి, పడుగు పోగు తెగితే ఆపి ముడెయ్యాలి. ఆగిన సాంచా మీద పైసా రాదు. ఆ చప్పుడులో పక్కవాడితో సైగలే మాటలు. తిండి బిస్సీ అనే మెస్సులో. రాత్రి షిఫ్టు దిగినవాడు, పగటి షిఫ్టుకు లేచినవాడి చాప మీదే నడుం వాల్చేవాడు.

భివండిలో పని నేర్చినవాళ్లు తిరిగొచ్చి సిరిసిల్లలో సాంచాలు పెట్టారు. వాటి వెంటే మీటరు కూలి, అరువు నూలు, షావుకారు చెప్పిందే ధర అనే పద్ధతీ వచ్చాయి. 1990ల చివరి నుంచి అక్కడ నేత కార్మికుల ఆత్మహత్యలు మొదలైతే అందరూ నూలు ధరనూ కరెంటు బిల్లునూ తప్పుపట్టారు. నా దృష్టిలో అసలు రోగం ఆ పద్ధతిది. సొంత సరుకూ సొంత మార్కెట్టూ లేని నేతగాడు ఏ ఊళ్లోనైనా కూలివాడే. 2017లో వచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్ని నెలల పని ఇచ్చాయి, కానీ కొన్నది సర్కారు ఒక్కటే.

భివండిలో నోట్ల రద్దు, జీఎస్టీ, 2020 లాక్‌డౌన్ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చాలా సాంచాలు పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. నాసిక్ హైవే పక్కన ఆన్‌లైన్ కంపెనీల గోదాములు లేచాయి. నేతగాళ్ల పిల్లలకు ఇప్పుడు అక్కడ పెట్టెలు సర్దే పని దొరుకుతోంది.