నేరేడు చెట్టుకు ఎన్ని పేర్లు?

విద్యార్థులారా, పాఠం మొదలుపెట్టే ముందు ఒక జామాకు తుంచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సూదితో పొడిచినట్టు సన్నని చుక్కలు మెరుస్తాయి. అవి తైలగ్రంథులు. నేరేడు, జామాయిల్ ఆకుల్లోనూ ఇవి ఉంటాయి. ఆకు నలిపితే వచ్చే వాసన వీటిదే. మిర్టేసీ కుటుంబాన్ని గుర్తించడానికి ఇది తొలి ఆనవాలు. దీనికి తోడు పువ్వులో లెక్కకు అందనన్ని కేసరాలు, వాటి కింద నిమ్న అండాశయం ఉంటాయి. జామకాయ అడుగున కిరీటంలా మిగిలే ఎండు ముక్కలు రక్షక పత్రాలే.

ఇన్ని పోలికలున్న చెట్లను ఒక్కచోట చేర్చడం సులువే అనిపిస్తుంది. చరిత్ర అలా నడవలేదు.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ‘స్పీషీస్ ప్లాంటారం’ ప్రచురించాడు. ఆయన పద్ధతి ప్రధానంగా కేసరాల సంఖ్య, అవి అతికి ఉన్న చోటు మీద ఆధారపడింది. దాంతో జామ, నేరేడు ఒక తరగతిలోకి, లవంగం మరో తరగతిలోకి వెళ్లాయి. నిజానికి లవంగం నేరేడుకు దగ్గరి చుట్టం. ఒక లవంగాన్ని వేడినీళ్లలో నానబెట్టి నిలువునా కోయండి. తలమీది గుండ్రని బుడిపె విచ్చుకోని ఆకర్షణ పత్రాలు. దాని లోపల ముడుచుకున్నవి కేసరాలు. మనం కాడ అనుకునే భాగంలో అండాశయం దాగి ఉంటుంది. వంటింట్లో ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు.

నేరేడుకు లిన్నేయస్ పెట్టిన పేరు మిర్టస్ క్యుమిని. 1788లో జర్మన్ శాస్త్రవేత్త గేర్ట్‌నర్ సిజీజియం అనే ప్రజాతిని స్థాపించాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో జుస్యూ ఈ చెట్ల సహజ కుటుంబాన్ని వివరించాడు. అదే ఏడాది అక్కడే లామార్క్ మన నేరేడును యూజీనియా జంబోలానా అన్నాడు. మన దేశంలో ఈ పేరే స్థిరపడింది. హుకర్ సంపాదకత్వంలో వచ్చిన ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ కూడా దీన్నే వాడింది. 1912లో అమెరికన్ శాస్త్రవేత్త స్కీల్స్ సిజీజియం క్యుమిని అని మార్చాడు. ఎందుకు? జాతి పేర్లలో మొదట వచ్చినదానికే హక్కు. క్యుమిని 1753 నాటిది, జంబోలానా 1789 నాటిది.

అయితే అసలు చిక్కు ప్రజాతి దగ్గర ఉంది. యూజీనియా, సిజీజియం ఒకటేనా, వేరా? పైకి పువ్వులు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఎవరి వాదన వారిదే అయింది. 1972లో రుడాల్ఫ్ ష్మిడ్ పువ్వు లోపలికి వెళ్లి చూశాడు. అండాలకు ఆహారం మోసే నాళికాపుంజాలు యూజీనియాలో అండాశయపు అడ్డుగోడల గుండా వస్తాయి, సిజీజియంలో నడిమి అక్షం గుండా వస్తాయి. వంటకం రుచి చూసి కాకుండా, పొయ్యికి గ్యాస్ ఏ గొట్టంలోంచి వస్తోందో చూసి రెండు వంటిళ్లను వేరు చేసినట్టు! తర్వాత వచ్చిన డీఎన్‌ఏ పరిశోధనలూ ఈ రెంటినీ వేరుగానే చూపాయి. 2022లో వెలువడిన జన్యు అధ్యయనం ప్రకారం దాదాపు 1200 జాతులున్న సిజీజియం, చెట్లలోకెల్లా పెద్ద ప్రజాతి. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతం.

ఇది పేర్ల తగాదా మాత్రమే అనుకోకండి. నేరేడు గింజల మీద మధుమేహానికి సంబంధించి జరిగిన పాత పరిశోధనలు చాలావరకు యూజీనియా జంబోలానా పేరుతోనే ఉన్నాయి. మందుల సీసాల మీద కూడా ఆ పేరు కనిపిస్తుంది. కొత్త పేరు ఒక్కటే తెలిసినవాడికి ఆ పాత పనంతా దొరకదు. అందుకే పరీక్షలో ఎవరైనా యూజీనియా అని రాస్తే నేను మార్కులు తీసెయ్యను. పక్కన సిజీజియం క్యుమిని అని రాసి, జవాబుపత్రం తిరిగి ఇస్తాను.