లండన్ నుంచి వియన్నాకు ఒక పెట్టె

లండన్‌లోని గ్రేట్ పుల్టెనీ వీధిలో జాన్ బ్రాడ్‌వుడ్ అండ్ సన్స్ అనే పియానోల కంపెనీ ఉండేది. గుమ్మం దాటే ప్రతి సరుకునూ రాసిపెట్టడానికి ఆ కంపెనీలో ఒక పద్దు పుస్తకం ఉండేది. కూలీల పుస్తకం అనేవారు దాన్ని. 1817 డిసెంబరు 27న అందులోకి ఒక పద్దు ఎక్కింది. ఆరు స్థాయిల గ్రాండ్ పియానో, నంబరు 7362, తగరపు పెట్టె, దానిపైన చెక్క పెట్టె, ట్రియెస్టె రేవులోని ఏజెంట్ల పేరిట, వియన్నాలో ఉన్న బీథోవెన్‌కు కానుక, ఓడకెక్కించడానికి పంపడమైనది. అంతే.

ఆ పియానో మీద స్వరకర్త బీథోవెన్ ఏం వాయించాడు, ఏం రాశాడు అన్న విషయం మీద తర్వాతి రెండు వందల ఏళ్లలో పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. పెట్టె ఎలా కట్టారు, ఎలా తరలించారు అన్నదానికి మాత్రం ఆ పద్దే ముఖ్యమైన ఆధారం. కట్టినవాళ్ల పేర్లు అందులో లేవు. కానీ తగరపు పెట్టె, దానిపైన చెక్క పెట్టె అన్న ఆ నాలుగు మాటల వెనుక ఒక పెద్ద విద్యే ఉంది. సముద్రం దాటించాల్సిన వాద్యానికి అసలు శత్రువు ఎవరో తెలిసినవాళ్లు మాత్రమే అలా కట్టగలరు.

పియానో బయటికి బల్లలా, బీరువాలా గట్టిగా కనిపిస్తుంది. లోపల కథ వేరు. తంతుల కింద పల్చటి చెక్క పలక ఒకటి ఉంటుంది. తంతి కదలికను నాదంగా మార్చేది అదే. గాలిలో తేమ ఎక్కువైతే ఆ పలక ఉబ్బి పైకి లేస్తుంది, తంతులు బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది. గాలి పొడిబారితే పలక కుంచించుకుపోతుంది, శ్రుతి పడిపోతుంది. మరీ పొడిబారితే చెక్క పగులుతుంది. ఆ కాలంలో అతుకులన్నీ జంతు చర్మాల నుంచి కాచిన జిగురుతో వేసేవారు. తేమ తగిలితే అది మెత్తబడుతుంది. ఓడ అడుగున, సరుకుల గదిలో, ఉప్పుగాలిలో నెలల తరబడి పడి ఉండే వాద్యానికి అలల కుదుపు కన్నా ఈ గాలితోనే ఎక్కువ భయం. కుదుపును ఆపేది పైనున్న చెక్క పెట్టె. గాలిని ఆపేది లోపలి తగరం.

ఈ కానుక పంపింది థామస్ బ్రాడ్‌వుడ్. 1728లో బర్కట్ షూడి పెట్టిన ఆ వ్యాపారంలోకి 1761లో వడ్రంగి పనివాడిగా జాన్ బ్రాడ్‌వుడ్ చేరాడు. తర్వాత షూడి కూతురిని పెళ్లాడి వారసుడయ్యాడు. థామస్ ఆ జాన్ కొడుకే. 1817లో యూరప్ తిరుగుతూ వియన్నా వెళ్లి బీథోవెన్‌ను కలిశాడు. అప్పటికే బీథోవెన్‌కు చెవుడు బాగా ముదిరింది. లండన్ చేరాక థామస్ ఒక మంచి పియానోను ఎంపిక చేయించాడు. కాల్క్‌బ్రెనర్, క్రామర్, ఫెరారి, రీస్, నివెట్ అనే అయిదుగురు సంగీతకారులు దాని మీద సంతకాలు చేశారు. ఇది థామస్ బ్రాడ్‌వుడ్ కానుక అని లాటిన్‌లో ఒక వాక్యం కూడా రాయించారు. వీళ్లలో రీస్ బీథోవెన్‌కు శిష్యుడు.

ఇక దారి. మ్యాపులో చూస్తే లండన్ నుంచి వియన్నాకు నేల మీద వెళ్లడమే దగ్గర. కానీ ఆ రోజుల్లో జర్మన్ భూములు చిన్న చిన్న రాజ్యాలుగా చీలి ఉండేవి. పొలిమేర దాటినప్పుడల్లా ఒక సుంకం గడి. రోడ్లేమో గుంతలమయం. బరువైన, సున్నితమైన సరుకుకు నీళ్ల దారే మేలు. అందుకే ఆ పెట్టె స్పెయిన్‌ను చుట్టి, జిబ్రాల్టర్ జలసంధి దాటి, మధ్యధరా సముద్రం మీదుగా ఏడ్రియాటిక్ కొసన ఉన్న ట్రియెస్టె చేరింది. అది ఆస్ట్రియా సామ్రాజ్యపు రేవు, 1719 నుంచి సుంకం లేని స్వేచ్ఛా రేవు. అక్కడి నుంచి వియన్నా దాకా దాదాపు 580 కిలోమీటర్లు బండి ప్రయాణం. మధ్యలో ఆల్ప్స్ కొండలు.

ఇలాంటి ప్రయాణాల్లో అందరూ తలుచుకునేది పంపినవాడినీ అందుకున్నవాడినీ. ఆ కొండదారి ఎక్కుతున్నప్పుడు పెట్టె వెనక్కి జారకుండా తాళ్లు బిగించినవాళ్లు, దిగుతున్నప్పుడు చక్రాలకు అడ్డు పెట్టినవాళ్లు కూడా ఆ పియానో కథలో పాత్రధారులే. వాళ్లలో ఒక్కరు చేయి జార్చి ఉంటే మిగతా కథే లేదు.

పియానో ఇంకా దారిలో ఉండగానే, 1818 ఫిబ్రవరిలో, బీథోవెన్ థామస్‌కు ఫ్రెంచిలో ఉత్తరం రాశాడు. దాన్ని ఒక బలిపీఠంగా భావించి, తన మనసులోని మేలైన సృష్టిని అపోలో దేవుడికి దాని మీద నివేదిస్తానన్నాడు. చేతికి అందని వాద్యం గురించి చెవులు సరిగా వినపడని మనిషి రాసిన ఉత్తరం అది. అయినా అందులో నిరాశ ఎక్కడా కనిపించదు.

సరిహద్దు దగ్గర ఇంకో గండం ఉండనే ఉంది. విదేశీ వాద్యానికి ఆస్ట్రియాలో దిగుమతి సుంకం కట్టాలి. బీథోవెన్ తరఫున మాట్లాడేవాళ్లు ఉన్నారు కాబట్టి ఖజానా ఆ సుంకం మాఫీ చేసింది. పేరున్నవాడికి తెరుచుకున్న ఆ తలుపు మామూలు కొనుగోలుదారుడికి తెరుచుకునేది కాదు.

1818 వేసవి మొదలయ్యే నాటికి పెట్టె వియన్నా చేరింది. బీథోవెన్ అప్పటికే వేసవి విడిదికి మోడ్లింగ్ అనే ఊరు వెళ్లాడు. పియానోను మొదట స్ట్రైకర్ల పియానో కార్ఖానాలో దించారు. వాళ్లూ పియానోలు చేసేవాళ్లే, బీథోవెన్‌కు పాత స్నేహితులు. లండన్ నుంచి వచ్చిన సిప్రియాని పాటర్ అనే సంగీతకారుడు దాన్ని వాయించి చూశాడు. శ్రుతి తప్పి ఉంది. అన్ని నెలలు నీటి మీదా కొండల మీదా తిరిగిన తంతులకు శ్రుతి తప్పడం వింతేమీ కాదు. చెక్క పగలకుండా, వాయించే స్థితిలో చేరడమే గొప్ప. ఆ తగరపు పెట్టె తన పని తాను చేసింది.

ఆ ఏడాదే బీథోవెన్ హామర్‌క్లావియర్ అనే పియానో సొనాటా పూర్తి చేశాడు. బ్రాడ్‌వుడ్ పియానోను చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. వినపడని చెవులతో గట్టిగా కొట్టి కొట్టి తంతులు తెంపేశాడు. 1824లో ఆయన్ని చూడ్డానికి లండన్ నుంచి వచ్చిన స్టుంప్ఫ్ అనే హార్ప్ తయారీదారుకు ఆ పియానో తెగి చిక్కుపడిన తంతులతోనే కనిపించింది. 1827లో బీథోవెన్ పోయాక వియన్నా ప్రచురణకర్త స్పీనా దాన్ని వేలంలో కొన్నాడు. ఆయన నుంచి పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్‌కు, లిస్ట్ నుంచి బుడాపెస్ట్‌లోని హంగేరీ జాతీయ మ్యూజియానికి చేరింది. 1990ల మొదట్లో దాన్ని బాగుచేశారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇది సుఖాంతమైన కథ. ఇరవై ఏళ్ల తర్వాత పియానో స్వరకర్త షోపాన్‌కు అంత అదృష్టం దక్కలేదు.

1838 నవంబరులో షోపాన్, రచయిత్రి జార్జ్ సాండ్, ఆమె పిల్లలతో కలిసి స్పెయిన్ దీవి మయోర్కాకు వెళ్లాడు. ఊపిరితిత్తుల జబ్బుకు వెచ్చటి గాలి మంచిదని ఆశ. పారిస్‌లోని ప్లేయెల్ కంపెనీ నుంచి చిన్న నిలువు పియానో ఒకటి వెనకాలే రావాలి. రావడమైతే వచ్చింది, పాల్మా రేవులో సుంకం కార్యాలయం దగ్గర ఆగిపోయింది. వాద్యం ఖరీదుకు దాదాపు సరిపోయేంత సుంకం అడిగారని జార్జ్ సాండ్ తర్వాత కోపంగా రాసింది. బేరాలు వారాల తరబడి సాగాయి. ఈలోగా షోపాన్ వాల్దెమోసా కొండ మీద ఒక పాత మఠం గదిలో, చలిలో, దగ్గుతూ, స్థానికంగా దొరికిన నాసిరకం పియానోతో నెట్టుకొచ్చాడు. ప్లేయెల్ పియానో కొండెక్కే సరికి 1839 జనవరి వచ్చేసింది. ఫిబ్రవరిలో వాళ్లు దీవి వదిలేశారు. పియానోను మళ్లీ ఓడెక్కించి ఆ తతంగమంతా పడలేక పాల్మాలోని కానూట్ కుటుంబానికి అమ్మేశారు. ఇన్ని పాట్లు పడి తెప్పించుకున్న వాద్యం షోపాన్ చేతికింద ఉన్నది కొద్ది వారాలే. సముద్రం నెమ్మదిగానే దాటనిచ్చింది, అడ్డుపడింది ఒడ్డున ఉన్న సుంకం బల్ల.

మరీ వెనక్కి వెళితే ఇంకా సాహసం చేసినవాళ్లు ఉన్నారు. ఇంగ్లండ్ ఖైదీలతో ఆస్ట్రేలియాకు బయల్దేరిన మొదటి పదకొండు ఓడల్లో సిరియస్ ఒకటి. దాని వైద్యుడు జార్జ్ వోర్గన్ తనతోపాటు ఒక చిన్న చదరపు పియానోను ఎక్కించుకున్నాడు. 1788 జనవరిలో అది సిడ్నీ రేవు చేరింది. గుడారాలు తప్ప ఇల్లు లేని చోట పియానో! 1791లో తిరిగి వెళ్తూ దాన్ని ఎలిజబెత్ మెకార్థర్ అనే ఆవిడకు ఇచ్చేశాడు, వాయించడం కూడా కొంత నేర్పాడు.

వేడి దేశాలకు పియానోలు పంపే కొద్దీ తయారీలోనూ మార్పులు వచ్చాయి. చెక్క చట్రం తంతుల లాగుడును, వాతావరణాన్ని రెండింటినీ తట్టుకోలేదని అమెరికన్లకు ముందే అనుభవం. 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే ముక్కగా పోత పోసిన ఇనుప చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. జోనాస్ చికరింగ్ దాన్ని గ్రాండ్ పియానోల దాకా తెచ్చాడు. భారతదేశం లాంటి చోట్లకు పంపేవాటికి జిగురును మాత్రమే నమ్మకుండా ఇత్తడి మరలు బిగించేవారు. పైన అతికించే పల్చటి చెక్క పొరలకు బదులు గట్టి చెక్కే వాడేవారు. ఇంత చేసినా కలకత్తా, మద్రాసు వానాకాలం పియానోలకు పరీక్షే.

మన దగ్గర గెలిచింది పియానో కాదు, హార్మోనియం. అదీ ఓడ మీద వచ్చిందే. 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ పేటెంటు తీసుకున్న ఆ వాద్యంలో తంతులు లేవు, ఇత్తడి రీడ్లు మాత్రమే. తేమకు అది పియానోలా శ్రుతి తప్పదు. కాళ్లతో తొక్కే ఆ పెద్ద పెట్టెను కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ లాంటివాళ్లు చేతితో ఊదే చిన్న పెట్టెగా మార్చారు. తర్వాత అది తెలుగు పద్యనాటకం పక్కవాద్యమైంది. ఊరూరా తిరిగే నాటక సమాజానికి బండిలో పట్టే వాద్యం కావాలి. పియానో ఆ బండి ఎక్కలేదు.

ఈనాటి పెద్ద గ్రాండ్ పియానో బరువు దాదాపు 480 కిలోలు. దాన్ని పంపేటప్పుడు ముందు పెడళ్ల చట్రం, తర్వాత కాళ్లు ఊడదీస్తారు. వంపు లేని నిలువు పక్క కిందికి వచ్చేలా పలక మీద నిలబెట్టి, దుప్పట్లు చుట్టి, పట్టీలతో కట్టేస్తారు. తగరం స్థానంలో తేమ చొరని పొర వచ్చింది, దాని లోపల తేమను పీల్చే సంచులు. చెక్క పెట్టెకు కూడా నియమం ఉంది. పురుగులు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోకుండా, ఆ చెక్క లోపలి భాగం దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు తగలనిచ్చి, ముద్ర వేయాలి. పాత పియానోల మెట్ల మీద ఏనుగు దంతం ఉంటే అదో పెద్ద తంటా. ఏనుగులను కాపాడే అంతర్జాతీయ ఒప్పందం కింద దానికి అనుమతి పత్రాలు చూపించాలి. షోపాన్‌ను ఆపిన బల్ల ఇప్పటికీ ఉంది. ఇప్పుడది ఏనుగునూ కలపచెట్టునూ కూడా కాపాడుతోంది. ఆ ఆలస్యాన్ని తప్పుపట్టలేం.

తెలుగు ఇళ్లకు ఈ కథ దూరమేమీ కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు పనస మానును తొలిచి చేసే వీణ, కుండ నుంచి దండి దాకా ఒకే దుంగ. ఏకాండి వీణకు అదే అందం, పంపేటప్పుడు అదే ఇబ్బంది. పియానో కాళ్లలా ఊడదీయడానికి వీలుండదు. సముద్రాలు దాటి స్థిరపడిన కుటుంబాలు పిల్లల సాధన కోసం వీణ తెప్పించుకుంటాయి. అప్పుడు బ్రాడ్‌వుడ్ కూలీలకు లేని ఒక కొత్త చిక్కు ఎదురవుతుంది. వీణ మెట్లను నిలబెట్టేది తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన ముద్ద. ఎండలో నిలిచిన కంటైనర్ లోపల అది మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. ఆ తర్వాత చలి దేశంలో హీటరు వేసిన గది పొడి గాలికి పనస చెక్కకు పగుళ్లు రావచ్చు. ఓడ అడుగున తేమకు పియానో భయపడితే, వీణ ముందు వేడికీ తర్వాత పొడికీ భయపడుతుంది.

కాబట్టి పిల్లల కోసం వీణ తెప్పించుకునేవాళ్లకు ఒక మనవి. పెట్టె ఇంటికి రాగానే ఆత్రంగా తెరవకండి. ఒకటి రెండు రోజులు అదే గదిలో అలాగే ఉంచి, గది వేడికి దాన్ని అలవాటు పడనివ్వండి. పంపే ముందు తంతులు కొంచెం సడలించమని, వీణకూ పెట్టెకూ మధ్య మెత్తని దూది దట్టించమని చేసినవాళ్లను అడగండి. చేరాక మెట్లు మళ్లీ కట్టించడానికి ఆ విద్య తెలిసినవాళ్లను వెతికి పట్టుకోండి. చెక్కను తొలిచినవాళ్ల పేరు తెలిస్తే, దాన్ని వీణ పెట్టె మూత లోపల తెలుగులో రాసి పెట్టండి.