గాలి ఎటునుంచి వస్తోంది?

"ఇంకొక్క బస్సుందండి. ఇప్పుడు బయల్దేరితే బెజవాడ చేరిపోతారు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి రోడ్ల మీద బండ్లు తిరగనివ్వరంట."

లాడ్జి మేనేజరు ఈ మాట చెప్పడం ఇది రెండోసారి. మీరు కౌంటరు ముందు నిలబడి ఉన్నారు. చేతిలో సంచి, సంచిలో పెడనలో కొన్న కలంకారీ దుప్పటి, ఒక డబ్బా తొక్కుడు లడ్డు. ఇవాళ 2025 అక్టోబరు 28, మంగళవారం. గోడ మీది టీవీలో బంగాళాఖాతం మీద తెల్లటి సుడి తిరుగుతోంది. దాని పేరు మొంథా. మచిలీపట్నానికీ కళింగపట్నానికీ మధ్య, కాకినాడ చుట్టుపక్కల తీరం దాటవచ్చంటున్నారు. ఆ "మధ్య" టీవీ పటంలో బెత్తెడు. బయట దాదాపు 400 కిలోమీటర్ల తీరం. దాని ఈ కొసన, బందరులో, మీరు.

బెజవాడ డెబ్బై కిలోమీటర్లు. మధ్యలో పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, దారి పొడవునా చెట్లు. ఒక్క చెట్టు అడ్డం పడితే తెల్లవార్లూ బస్సులోనే. ఇక్కడైతే మేడ ఉంది, పక్కన మనుషులున్నారు. కానీ సముద్రం కూడా ఇక్కడే ఉంది. ఏం చేస్తారు?

సంచి కింద పెడతారు. మేనేజరు నిట్టూర్చి రిజిస్టరు మీ వైపు తిప్పుతాడు.

"కింద ఏసీ గది ఉంది. పైన రెండున్నాయి. తూర్పు గదికి గాలి బాగా వస్తుంది, వంద ఎక్కువ. పడమర గదైతే మామూలు రేటే."

ఇవాళ గాలికి వంద ఎక్కువ ఇచ్చేవాళ్లెవరు? ఏసీ మీద ఒక్క క్షణం మనసు లాగుతుంది గానీ కింది అంతస్తు వద్దనుకుంటారు. దానికి కారణం నిన్న చూసొచ్చిన బందరుకోట. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు మార్చి మార్చి ఏలిన చోటు. ఇప్పుడు మొండి గోడలు, గంట స్తంభం, ముళ్లకంపలు. 1611లో ఇంగ్లీషు కంపెనీ సరుకు కొట్టు తెరిచింది ఈ ఊళ్లోనే. చెన్నపట్నం పుట్టడానికి ముందే ఇక్కడ ఓడలు బారులు తీరాయి. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఆ కోటను దాటి ఊళ్లోకి వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారు. ఆ తర్వాత దండును కూడా ఇక్కడి నుంచి ఎత్తేశారు. చదివినప్పుడు అది ఒక అంకె. ఇప్పుడు అదే మిమ్మల్ని మెట్లెక్కిస్తోంది. పైన, పడమర గది. సముద్రానికి వీపు పెట్టిన గది. తెలివైన పనే చేశాననుకుంటారు.

గది చిన్నది. ఇనప మంచం, పరుపు మీద ఉతికిన దుప్పటి, గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. చెక్క కిటికీకి అద్దాలు. గడియ కొంచెం వదులుగా ఉంది. వేలితో ఊపి చూస్తారు. కదులుతోంది. పోనీలే, ఇటు గాలి లేదు కదా.

ఏడు గంటలకు కరెంటు పోతుంది. కాసేపటికి ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే తగ్గి, చివరిదీ పోతుంది. ఇక మొంథా ఎక్కడుందో మీకు చెప్పేవాళ్లు లేరు.

కిందికి దిగుతారు. వాచ్‌మన్ షట్టరు సగం దించి, స్టూలు మీద కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. అరవై దాటినట్టున్నాడు. వీధి అవతల ఫ్లెక్సీ ఒకటి చిరిగి పటపట కొట్టుకుంటోంది. అతను చూస్తున్నది దాన్నే.

"మధ్యాహ్నం ఈశాన్యం గాలి బాబూ. ఇప్పుడు ఉత్తరం. చూడండి, ఆ గుడ్డ ఎటు ఎగురుతుందో."

"ఎంత వేగం ఉంటుందంటారు?"

"వేగంతో మనకేం పని? ఎటునుంచి వస్తుందో అది చూడాలి."

అతనిది నాగాయలంక వైపు. 1977లో చిన్నపిల్లాడు. నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి అతను చెప్పేది రెండే ముక్కలు. తాడిచెట్టు మీద నాన్న, చెట్టు కింద నీళ్లు. ఆ తర్వాత మాట్లాడడు. మీరూ అడగరు. ఆ ఒక్కరోజు పదివేల మందికి పైగా చనిపోయారని మీకు తెలుసు. తెలిసి ఏం అనగలరు?

కానీ ఒక సంగతి మాత్రం అడక్కుండా ఉండలేరు. గాలి దిక్కుకీ ఉప్పెనకీ ఏమిటి సంబంధం?

పళ్లెంలో నీళ్లు పోసి ఒక పక్క నుంచి ఊదితే అవతలి అంచు మీదికి ఎక్కుతాయి చూడండి, అలాంటిదే. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అది సముద్రంలోంచి నేల మీదికి నడిచి వస్తున్నప్పుడు, దాని కుడిచేతి పక్క గాలి సముద్రాన్ని ఊళ్ల మీదికి తోస్తుంది. ఎడమచేతి పక్క గాలి నేల మీంచి వీచి నీళ్లను వెనక్కి నెడుతుంది. 1977లో దివిసీమ కుడి పక్కన పడింది. పైగా ఇక్కడ సముద్రం లోతు తక్కువ, నేల చదును. వచ్చిన నీటిని ఆపడానికి ఒక గుట్టయినా లేదు.

కాబట్టి ఈ రాత్రి ప్రశ్న ఒకటే. మొంథా బందరుకు ఎటు పక్క దాటుతుంది? కిందికి దిగితే మీరు కుడిచేతి పక్క. పైకి పోతే ఎడమచేతి పక్క.

పది దాటింది. వాన అడ్డంగా కొడుతోంది. ఎక్కడో రేకు లేచి రోడ్డు మీద దొర్లుతున్న చప్పుడు. ఫ్లెక్సీ తెగి ఎగిరిపోయింది. ఇక దిక్కు చూడటానికి గుడ్డ కూడా లేదు.

అప్పుడు మీ కాలి వేళ్లకు చల్లగా తగులుతుంది.

ఫోను టార్చి వేస్తారు. నీళ్లు. షట్టరు కింది నుంచి లోపలికి వస్తున్నాయి. నల్లగా. నెమ్మదిగా. మొదటి మెట్టు మునిగింది.

గుండె ఆగినంత పని.

వాన నీళ్లా? సముద్రమా?

పైకి పరుగెత్తాలా? కింది గదుల్లో మనుషులున్నారు. లేపాలా? మేనేజరు అప్పటికే తలుపులు బాదుతున్నాడు. ఎవరో పసిపిల్లను ఎత్తుకుని మీ పక్క నుంచి మెట్లెక్కుతున్నారు. మీరు వాళ్ల సంచి అందుకుంటారు. రెండో మెట్టు తడిసింది.

వాచ్‌మన్ వంగుతాడు. వేలు ముంచుతాడు. నాలుక మీద పెట్టుకుంటాడు.

అందరూ అతని మొహం చూస్తున్నారు.

"చప్పన," అంటాడు. "వాన నీళ్లే. కాలవ పొంగింది."

మీరూ వంగి వేలు ముంచుతారు. సిగ్గేం లేదు. బురద వాసన. ఉప్పు లేదు. నిజంగానే లేదు. ఇంకోసారి చూస్తారు.

అయినా పూర్తిగా నమ్మకం కుదరదు. ఇప్పుడు లేదు. ఇంకో గంటకు?

పదకొండున్నర. మీరు గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుంటారు. బయట హోరు మారింది. ఇందాక గోడ వారగా ఉరికేది. ఇప్పుడు ఎదురుగా గుద్దుతోంది. గడియ టకటకలాడుతోంది. లేచి పట్టుకుంటారు. చెక్క వణుకుతోంది. రెండు చేతులూ వేస్తారు. భుజం ఆనిస్తారు. పట్టు జారుతోంది.

వదలాలా?

వదిలేస్తారు. పక్కకు దూకుతారు.

ఫెళ్లుమంటుంది. రెక్క గోడకు కొట్టుకుంటుంది. అద్దం పగులుతుంది. వాన మంచం మీద. క్యాలెండరు ఎగిరింది. గుడ్డిగా తలుపు వెతుక్కుని బయట పడతారు.

మెట్ల మీద వాచ్‌మన్, చేతిలో కొవ్వొత్తి పట్టుకుని. గాజు చప్పుడు విని వచ్చినట్టున్నాడు. మీ గది తలుపులోంచి దూసుకొచ్చే గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంది. చీకట్లో అతని గొంతు మాత్రం హుషారుగా ఉంది.

"పడమర కిటికీయేనా పోయింది?"

"అవును!"

"అయితే గాలి వాయవ్యానికి తిరిగింది బాబూ! నేల మీంచి వస్తోంది. తుపాను మనల్ని దాటి పైకి పోయింది. ఇక సముద్రం రాదు!"

నిజమే. సరిగ్గా ఆ వేళకే మొంథా నరసాపురం దగ్గర నేల తాకుతోందని మీకు తెల్లారాక గానీ తెలియదు. ఇక్కడి నుంచి సూటిగా కొలిస్తే డెబ్బై కిలోమీటర్లు లేదు. పెద్ద తుపాన్ల లెక్కలో అదేం దూరం? కానీ అది ఎడమచేతి పక్క దూరం. సముద్రానికి వీపు పెట్టానని మీరు ఎంచుకున్న గది మొత్తంగా తడిసిపోయిందంటే, ఆ నీళ్లను వెనక్కి తోస్తున్న గాలే దానిలోకి వచ్చిందన్నమాట.

మేనేజరు టార్చి పట్టుకుని వచ్చి, కిటికీ వైపు చూసి, నాలుక కరుచుకుంటాడు.

"అద్దం..." అని మీరు మొదలుపెడతారు.

"అది పొద్దున చూద్దాం లెండి. తూర్పు గది పొడిగా ఉంది. అందులో పడుకోండి. వంద అక్కర్లేదు, ఈ రాత్రికి."