ప్యాకెట్ మారితే నంబరు మారాలా? నల్లగీతల చరిత్ర

మన సంఘాల సరుకు చాలాకాలం సంతల్లో, డ్వాక్రా బజార్లలో అమ్ముకున్నాం. అక్కడ ప్యాకెట్ వెనుక మనిషి ఉంటుంది. "ఇది పావుకిలో కాదమ్మా, రెండొందల గ్రాములు" అని నోటితో చెప్పేస్తాం. సూపర్ మార్కెట్‌లో మన తరఫున మాట్లాడేది ప్యాకెట్ మీది నల్లగీతలే. వాటి పుట్టుక తెలిస్తే, నంబరు ఎప్పుడు మార్చాలన్న మన రగడ సగం తీరుతుందని ఇది రాస్తున్నాం.

1948లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక కిరాణా దుకాణాల పెద్ద డ్రెక్సెల్ కాలేజీకి వెళ్లి, డబ్బు కట్టే చోట సరుకు వివరం దానంతటదే నమోదయ్యే ఉపాయం చెప్పమన్నాడు. కాలేజీ పట్టించుకోలేదు. ఆ మాట చెవిన పడ్డ బెర్నార్డ్ సిల్వర్ తన స్నేహితుడు నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్‌కు చెప్పాడు. వుడ్‌ల్యాండ్ మయామీ బీచ్ ఇసుకలో తంతి భాష చుక్కల్ని, గీతల్ని వేళ్లతో కిందికి లాగాడు. మనం ముగ్గుకి గీతలు లాగమూ, అలాగే. సన్నగీత, లావుగీత వచ్చాయి. 1952లో పేటెంటు వచ్చింది గానీ వాటిని చదివే మంచి యంత్రం లేక ఆ ఆలోచన ఏళ్లతరబడి మూలన పడింది.

1973లో అక్కడి తయారీదారులు, దుకాణాలవాళ్లు కలిసి కూర్చుని అందరికీ ఒకటే గుర్తు అని ఒప్పుకున్నారు. ఐబీఎంలో జార్జ్ లారర్ తయారుచేసిన గీతలవి. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్లో మొదటిసారి ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను యంత్రం చదివింది. ఖరీదు 67 సెంట్లు.

మాకు గీతలకన్నా ఆ ఒప్పందమే పెద్ద విషయం అనిపించింది. ఎందుకంటే ఆ గీతల్లో ధర లేదు, తూకం లేదు, పేరు లేదు. ఉన్నది నంబరు ఒక్కటే. మిగతాదంతా దుకాణం కంప్యూటర్‌లో ఉంటుంది. ప్యాకెట్ మారి నంబరు మారకపోతే కంప్యూటర్ పాత సంగతే చెప్తుంది. ఇద్దరు సభ్యుల పొదుపును ఒకే పాస్‌బుక్ నంబరు మీద రాస్తే ఎవరిది ఎంతో తేలుతుందా?

1977లో యూరప్‌వాళ్లు 13 అంకెల పద్ధతి తెచ్చారు. మన దేశంలో నంబర్లు ఇచ్చేది జీఎస్ వన్ ఇండియా, వాటి మొదట 890 ఉంటుంది. 890 ఉంటే సరుకు ఇక్కడే తయారైందని చాలామంది అంటుంటారు. కాదు, నంబరు ఇక్కడ తీసుకున్నారని మాత్రమే దానర్థం.

నంబరు ఎప్పుడు మార్చాలన్న నియమాలను జీఎస్ వన్ 2016లో పదికి కుదించింది. మనకు ఎక్కువగా తగిలేది తూకం. ప్యాకెట్ మీద రాసిన తూకం 250 నుంచి 200 అయితే కొత్త నంబరు వేయాల్సిందే. "పాత లేబుళ్లు మిగిలాయి కదా, తూకం మీద స్టిక్కర్ అంటిద్దాం" అనే మాట సంఘాల్లో వినిపిస్తుంది. అలా చేస్తే రెండు తూకాలూ ఒకే లెక్కలో కలిసిపోయి, బిల్లు దగ్గర తగాదా మొదలవుతుంది.

అంతకంటే గట్టిది దినుసుల సంగతి. కారప్పొడిలో కొత్తగా వేరుశనగ కలిపి, లేబుల్ మీద ఆ మాట చేరిస్తే అది వేరే సరుకు కిందే లెక్క. వేరుశనగ పడనివాళ్లు ఉంటారు. ఏదైనా జరిగి సరుకు వెనక్కి తెప్పించాల్సి వస్తే, నంబరు ఒకటే అయినప్పుడు ఏ డబ్బా తీయాలో దుకాణం చెప్పలేదు.

బ్రాండు పేరు మారినా కొత్తదే. అట్టపెట్టెలో పదికి బదులు పన్నెండు ప్యాకెట్లు పెడితే పెట్టె నంబరు మారుతుంది, లోపలి ప్యాకెట్‌ది మారదు. లేబుల్ రంగు, బొమ్మ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ మారితే పాత నంబరే చాలు. ఈ నంబరు వేసే బాధ్యత బ్రాండు ఎవరిదో వాళ్లదే, లేబుల్ అచ్చువేసేవాళ్లది కాదు.

అమ్మడం ఆపేసిన సరుకు నంబరును 2019 నుంచి మరో సరుకుకు ఇవ్వకూడదు. అందుకే మన సమాఖ్య రిజిస్టర్‌లో ఆగిపోయిన సరుకుల పేజీలను చింపకుండా, పైన "ఆపినది" అని రాసి తేదీ వేసి ఉంచుతున్నాం.