గోడ మీది బొమ్మ, సమాధిలోని బట్ట

ప్రాచీన ఈజిప్టు వస్త్రధారణ అనగానే మన కళ్ళముందు నిలిచే రూపం సమాధుల గోడల నుంచి వచ్చింది. స్త్రీకి ఒంటికి అతుక్కుపోయిన తెల్లని పొడుగు గౌను, దాన్ని పట్టి ఉంచే రెండు వెడల్పాటి భుజపట్టీలు. పురుషుడికి నడుము నుంచి మోకాళ్ళ దాకా బిరుసుగా నిలిచిన మొలగుడ్డ. పాఠ్యపుస్తకాలూ సినిమాలూ ఈ రూపాన్నే తీసుకున్నాయి. కానీ తవ్వకాల్లో దొరికిన దుస్తులను చూస్తే కథ వేరు. అంత బిగుతైన పట్టీల గౌను ఇంతవరకు ఒక్కటి కూడా దొరకలేదు. దొరికినవి మెడ ముందు కోసుగా తెరిచి, చేతులు కుట్టిన గౌన్లు. సాగే గుణం లేని నారబట్టతో బొమ్మలో ఉన్నట్టే గౌను కుడితే, తొడుక్కున్న మనిషి అడుగు తీసి అడుగు వేయలేదు. చిత్రకారుడు గీసింది తాను చూపదలచిన శరీరాన్ని, లేదా ఒంటికి చుట్టుకున్న పొడవాటి బట్టను. అందుకే ఈ చరిత్రకు మొదటి సాక్షి బొమ్మ కాదు, బట్టే అని నా అభిప్రాయం.

ఆ సాక్షుల్లో అతి ప్రాచీనమైనది లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో ఉంది. 1913లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ కైరోకు దక్షిణాన తర్ఖాన్ శ్మశానవాటికలో ఒక సమాధిని తవ్వినప్పుడు మట్టి కొట్టుకున్న బట్టల కుప్ప బయటపడింది. అది లండన్ చేరి, విప్పి చూసేవారు లేక అరవై ఏళ్ళకు పైగా అలాగే ఉండిపోయింది. 1977లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నిపుణులు శుభ్రం చేస్తుంటే అందులోంచి ఒక గౌను పైభాగం వచ్చింది. భుజాల మీదా చేతుల మీదా సన్నని మడతలు తీర్చి ఉన్నాయి. లేత బూడిదరంగు చారలు బట్టలోనే నేసి ఉన్నాయి. మోచేతుల దగ్గరా చంకల దగ్గరా ముడతలు పడి ఉన్నాయి, అంటే ఎవరో దాన్ని నిజంగా తొడుక్కున్నారు. అంతేకాదు, అది లోపలి వైపు బయటికి తిరగబడి దొరికింది. మనిషి తలమీదుగా లాగి విప్పితే బట్ట అలాగే తిరగబడుతుంది. 2015లో దారప్పోగును రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే క్రీ.పూ. 3482-3102 మధ్యకాలం తేలింది. ఆ గౌను మొదటి రాజవంశపు ఆరంభకాలానిది కావచ్చు, అంతకు ముందుది కూడా కావచ్చు. గీజా పిరమిడ్లకు అది కొన్ని వందల ఏళ్ళు పెద్ద.

ఈ బట్టంతా అవిసె నార. మొక్కను కోయరు, వేళ్ళతో సహా పీకుతారు. పచ్చిగా ఉన్నప్పుడు పీకితే సన్నని దారం, ముదిరాక పీకితే గట్టి దారం, బాగా ముదిరిపోతే తాళ్ళకు పనికొచ్చే నార వస్తుంది. కాడలను నానబెట్టి, కొట్టి, నారను విడదీసి, పోగులను కొస కలిపి కదురు మీద పురి ఎక్కించేవారు. క్రీ.పూ. 2000 ప్రాంతంలో థీబ్స్‌లో బతికిన మెకెత్రే అనే అధికారి సమాధిలో ఒక చెక్కబొమ్మల నేతశాల దొరికింది. అందులో దారం తీసేవారూ, నేలమీద మేకులు దిగ్గొట్టి పరిచిన మగ్గంపై నేసేవారూ అందరూ స్త్రీలే. నిలువు మగ్గం తర్వాతి కాలంలో, కొత్త రాజ్యపు రోజుల్లో వచ్చింది. అవిసె నారకు రంగు తేలిగ్గా పట్టదు. తెలుపు అంతగా నిలిచిపోవడానికి శుచి గురించిన పట్టింపుతో పాటు ఇదీ కారణమే.

తెల్లబట్టకు ఉతుకు ఎక్కువ. రాజసమాధులను తొలిచిన పనివారి ఊరు దేర్ ఎల్-మెదీనాకు ప్రభుత్వమే బట్టలుతికేవారిని కేటాయించింది. అక్కడి రాతి పెంకుల మీద ఉతుకు లెక్కలు కనిపిస్తాయి. కొన్నింటిలో అక్షరాలు లేవు. ఒక్కో బట్ట బొమ్మ గీసి, పక్కన చుక్కలు పెట్టి ఎన్నో లెక్కకట్టారు. ఆ ఊరి పనుల పర్యవేక్షకుడు ఖా, అతని భార్య మెరిత్‌ల సమాధి 1906లో చెక్కుచెదరకుండా దొరికింది. ఖా పెట్టెల్లో యాభై దాకా గోచీలు, పదుల కొద్దీ చొక్కాలు ఉన్నాయి. చాలావాటి మీద అతని పేరు గుర్తు ఉంది. టుటన్‌ఖమున్ సమాధిలోనూ వందకు పైగా గోచీలు దొరికాయి. రాజుకైనా పనివారి పెద్దకైనా ఒంటిమీది మొదటి గుడ్డ ఒకే మూడుమూలల ముక్క. తేడా అంతా నేత సన్నదనంలోనే.

సమాధిలోని బట్టనూ పూర్తిగా నమ్మడానికి లేదు. ఉన్ని బట్టతో గుడిలోకి పోరాదనీ, మృతుణ్ణి ఉన్నితో పూడ్చరాదనీ ఈజిప్షియన్లకు నియమం ఉందని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. నార చొక్కా మీద తెల్లని ఉన్ని బట్ట కప్పుకుంటారని రాసిందీ ఆయనే. అంటే బతికున్నవారికి ఉన్ని ఉంది, చనిపోయినవారి వెంట వెళ్ళేది కాదు. ప్రాచీన నగరం అమర్నాలోని పనివారి ఊళ్ళో జరిగిన తవ్వకాల్లో ఉన్ని ముక్కలు దొరకడం ఈ మాటకు బలం. చరిత్రకారుడు సమాధితో ఆగిపోకుండా ఊరి చెత్తకుప్పనూ తవ్వాల్సిందే.

రోమన్ల ఏలుబడి నాటికి రంగు వచ్చింది. ఉన్నికి మంజిష్ఠ ఎరుపూ నీలిమందూ చక్కగా పడతాయి. తల దూర్చేందుకు చీలిక వదిలి మగ్గం మీదే ఆకారమంతా నేసిన అంగీలకు, భుజాల నుంచి దిగే పట్టీల్లో రంగుల ఉన్ని పేకతో మనుషులను, చేపలను, ద్రాక్షతీగలను నేశారు. 19వ శతాబ్దం చివర అఖ్మీమ్, అంతినోయె శ్మశానాలు తవ్వినప్పుడు ఇవి వేలాదిగా బయటపడ్డాయి. బొమ్మలున్న ముక్కలను కత్తిరించి అమ్ముకుని మిగతా గుడ్డను పారేశారు. ప్రపంచ మ్యూజియాల్లో ముక్కలకు కొదవ లేదు, నిండు అంగీలు మాత్రం అరుదు. ఈ నష్టం పూడ్చలేనిది.

7వ శతాబ్దంలో అరబ్బులు వచ్చాక కూడా అవిసె నేత ఆగలేదు. ఖలీఫా పేరు అల్లిన తిరాజ్ పట్టీల బట్టలు రాజ్యపు కార్ఖానాల్లో తయారయ్యేవి. దమియెట్టా, తిన్నీస్ అందుకు పేరు మోసిన ఊళ్ళు. వీటికి తోడు సముద్రం మీదుగా గుజరాత్ అచ్చు అద్దకపు నూలు బట్టలు వచ్చి చేరాయి. పాత కైరో ఫుస్తాత్ శిథిలాల్లో దొరికిన ఆ ముక్కల పెద్ద సేకరణ ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

19వ శతాబ్దంలో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పొడుగు పింజ పత్తిని దేశమంతా వేయించాడు, టార్బూష్ టోపీకి కార్ఖానా పెట్టించాడు. 1923లో స్త్రీల హక్కుల నాయకురాలు హుదా షారావీ కైరో రైల్వేస్టేషన్లో ముఖపరదా తీసేసింది. 1931లో విద్యార్థులు తలా ఒక పియాస్టర్ (ఈజిప్టు చిల్లర నాణెం) చందా పోగుచేసి స్వదేశీ టార్బూష్ కర్మాగారం కోసం ఉద్యమించారు. 1952 విప్లవం తర్వాత ఆ టోపీ పాత దొరతనపు గుర్తుగా మిగిలి కనుమరుగైంది. పల్లెరైతు తొడిగే పొడుగు అంగీ గలాబియా మాత్రం నిలిచింది. దాన్ని ఫారోల నాటి దుస్తుగా చెప్పేవారున్నారు. ఆ మాటకు ఆధారం చాలదు. వదులు చేతుల గలాబియాను రోమన్, అరబ్ కాలాల అంగీల వరసలో చూడడమే సబబు.