ఎవరి దళం ముందు కదలాలి?

నిజమైన యుద్ధంలో రెండు సైన్యాలూ ఒకేసారి కదులుతాయి. బల్ల మీద బొమ్మలతో యుద్ధం ఆడేవాళ్లకు ఆ వీలు లేదు. ఎవరో ఒకరు ముందు చెయ్యి చాపి తమ దళాన్ని జరపాలి, అవతలివారు ఆగాలి. ముందు ఎవరు, ఒక వంతులో ఎన్ని దళాలు, ఎంత దూరం, సేనాని చెప్పిన మాట దళం వింటుందా వినదా? రెండు వందల ఏళ్లుగా ఆటల రూపకర్తలు ఈ ప్రశ్నలతోనే కుస్తీ పడుతున్నారు. ఆర్కులు, ఎల్ఫులు, ట్రోల్‌లు వంటి అద్భుత జీవులు బల్ల మీదికి వచ్చాక ఆ కుస్తీ మరింత రంజుగా మారింది.

1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో యోహాన్ హెల్‌విగ్ చదరంగాన్నే పెంచి, వందలాది గళ్ల బల్ల మీద యుద్ధపు ఆటను తయారుచేశాడు. గళ్లను చెరిపేసినవాళ్లు ప్రష్యాకు చెందిన రైస్విట్జ్‌లు. తండ్రి 1812లో రాజుకు చూపించిన ఆటను, సైన్యంలో అధికారి అయిన కొడుకు తిరగరాసి 1824లో అచ్చువేయించాడు. దాని పేరు క్రీగ్‌ష్పీల్. 1:8000 కొలతలో గీసిన పటం, రెండు నిమిషాల యుద్ధకాలానికి ఒక వంతు. ఇరుపక్షాలవాళ్లూ తమ ఆజ్ఞలను కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇచ్చేవారు. పటం మీద బిళ్లలను జరిపేది ఆ మధ్యవర్తే. వార్తాహరుడు గుర్రం మీద వెళ్లి చెప్పేదాకా దళం కదలదు కాబట్టి, రాసిన ఆజ్ఞ అమలుకు వేళ పట్టేది. సేనాని నోటి మాటకూ సైనికుడి అడుగుకూ మధ్య ఎడం ఉంటుందన్న సంగతి ఆటలోకి గట్టిగా వచ్చింది అక్కడే.

ఆ సంగతిని ఇంగ్లండ్‌లో హెచ్.జి. వెల్స్ పక్కన పెట్టేశాడు. 1913లో వచ్చిన ఆయన ‘లిటిల్ వార్స్’లో నియమాలు చాలా తేలిక. కాలిబంటు ఒక అడుగు, గుర్రపురౌతు రెండు అడుగులు. ఒకరి తర్వాత ఒకరి వంతు. ముప్పై బొమ్మలకు ఒక నిమిషం, ఒక్కో ఫిరంగికి మరో నిమిషం చొప్పున గడువు. గడియారం ముల్లు దాటితే జరపని బొమ్మలు ఉన్నచోటే ఉండిపోవాలి. మధ్యవర్తి లేకుండానే తొందర పుట్టించడానికి వెల్స్ కనిపెట్టిన ఈ ఉపాయానికి మంచి ఆయుష్షే ఉంది. అలెస్సియో కవటోరే రూపొందించిన ‘కింగ్స్ ఆఫ్ వార్’ పోటీల్లో నేటికీ చదరంగం గడియారం పెట్టుకుని ఆడతారు.

అద్భుత జీవులకు ఈ బల్ల మీద చోటిచ్చిన తొలి అచ్చు నియమాల్లో ముఖ్యమైనది అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రాసిన ‘చెయిన్‌మెయిల్’. 1971లో వచ్చింది. అసలు పుస్తకం మధ్యయుగపు యుద్ధాల గురించి. వీరులు, మాంత్రికులు, డ్రాగన్లు చివరి అనుబంధంలో వస్తారు. కదలికకు అందులో రెండు పద్ధతులు ఇచ్చారు. మొదటి పద్ధతిలో ఇద్దరూ పాచిక వేస్తారు, ఎక్కువ పడినవారు ముందు కదలాలో తర్వాత కదలాలో తేల్చుకుంటారు. రెండో పద్ధతిలో ఇద్దరూ ఆజ్ఞలు రాసుకుని ఒకేసారి అమలు చేస్తారు. రైస్విట్జ్ కాగితమూ వెల్స్ వంతూ ఒకే పుస్తకంలో పక్కపక్కన కూర్చున్నాయన్నమాట.

1983లో బ్రిటన్‌లో బ్రయన్ ఆన్సెల్, రిచర్డ్ హాలివెల్, రిక్ ప్రీస్ట్‌లీ ‘వార్‌హామర్’ను తెచ్చారు. ఇందులో ఒకరి సైన్యం మొత్తం కదిలి, బాణాలు వేసి, కొట్లాడాకే రెండోవారి వంతు. పైకి మొరటుగా కనిపించే ఈ పద్ధతిలో అసలు తెలివి కొలతల్లో ఉంది. మనిషి నడక 4 అంగుళాలు, మరుగుజ్జుది 3. శత్రువు 8 అంగుళాల దూరంలోకి వస్తే, రెట్టింపు దూరం నడిచే కవాతు ఆగిపోయేది. దళం పక్కకు తిరగాలంటే ఒక మూలను కదలనీయకుండా పట్టి, అవతలి మూల ఎంత దూరం తిరిగిందో కొలవాలి. 20 మిల్లీమీటర్ల పీటల మీద ఐదుగురు వరసగా నిలబడిన దళం వెడల్పు సుమారు 4 అంగుళాలు. అది పావు చుట్టు తిరగడానికి అంచున ఉన్నవాడు 6 అంగుళాలకు పైగా నడవాలి. మామూలు నడక వాడికి చాలదు. అందుకే ఈ ఆటలో పక్క నుంచి పడిన దెబ్బ అంత ఘోరం. పైగా చాలా ఎడిషన్లలో ముందుగా కొలవడం నిషేధం. కంటితో అంచనా వేసి దాడి ప్రకటించాలి, దూరం చాలకపోతే దళం మధ్యలో చిక్కుకుపోతుంది. 2010లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ ముందుగా కొలవనిచ్చింది, బదులుగా దాడి దూరానికి రెండు పాచికలను జతచేసింది.

వార్‌హామర్ చేసిన గొప్ప పని మాత్రం వేరే ఉంది. అది జాతుల స్వభావాన్ని కదలిక నియమంగా మార్చింది. ఆర్కుల దళానికి వంతు మొదట్లో పాచిక వేయాలి. 1 పడితే వాళ్లు శత్రువును వదిలేసి తమలో తాము కలబడతారు. మందబుద్ధి ట్రోల్ పరీక్ష తప్పితే తనకు తోచినట్టు ఈడుస్తూ నడుస్తుంది. రాత్రి గోబ్లిన్‌ల గుంపులో దాగిన పిచ్చి వీరులు, శత్రువు 8 అంగుళాల్లోకి రాగానే ఇనుప గుండు తిప్పుతూ బయటికి దూకుతారు. ఆ తర్వాత వాళ్లు ఎవరి మీద పడతారన్నది పాచికల ఇష్టం. లేచి వచ్చిన శవాల సైన్యం తన సేనాని దగ్గరలో ఉంటేనే కవాతు చేస్తుంది, దూరమైతే మామూలు నడకే. చారిత్రక యుద్ధపు ఆటల్లో రెజిమెంటు ఆజ్ఞ వినకపోతే దానికి సాకు వెతకాలి. ఇక్కడ సాకు అక్కర్లేదు, ఆ జీవి పుట్టుకే అంత.

ఈలోగా ఫిల్ బార్కర్ బృందం మరో దారి పట్టింది. 1990 నాటి ‘డీబీఏ’, దాన్ని అద్భుత లోకానికి మలిచిన 1991 నాటి ‘హోర్డ్స్ ఆఫ్ ది థింగ్స్’ ఆటల్లో వంతుకు ఒక పాచిక వేస్తారు. ఎంత పడితే అన్ని కదలికలే. అష్టాచమ్మాలో గవ్వలు పడ్డంతే కాయ నడిచినట్టు, ఇక్కడ పాచిక పడ్డన్ని గుంపులే నడుస్తాయి. కలిసి ఉన్న గుంపు మొత్తానికి ఒక్క కదలికే ఖర్చు కాబట్టి వరస చెదరని సైన్యం చౌకగా నడుస్తుంది. చెదిరిందా, సేనాని గొంతు అందరికీ చాలదు. ఇంత చిన్న నియమంలో ఇంత యుద్ధసత్యాన్ని ఇమిడ్చిన ఆటలు అరుదు.

వార్‌హామర్ రూపకర్తల్లో ఒకడైన రిక్ ప్రీస్ట్‌లీయే 2000లో ‘వార్‌మాస్టర్’తో తన పాత పద్ధతిని కాదన్నాడు. ఇక్కడ దళం దానంతటది కదలదు. నాయకుడు ఆజ్ఞ ఇవ్వాలి, రెండు పాచికల మొత్తం అతని అధికార సంఖ్యను మించకూడదు. సంఖ్య 8 ఉన్న వీరుడి మాట మొదటిసారి 36లో 26 పాళ్లు చెల్లుతుంది. అదే దళాన్ని వెంటనే మళ్లీ కదిలించబోతే ఆ లెక్క 21కి, మూడోసారికి 15కి పడిపోతుంది. ప్రతి 20 సెంటీమీటర్ల దూరానికీ మరో కోత. ఒక్కసారి తప్పితే ఆ వంతులో ఆ నాయకుడి పని సరి. అయితే శత్రువు 20 సెంటీమీటర్లలోనే ఉంటే దళం ఆజ్ఞ కోసం ఆగకుండా మీద పడవచ్చు. దూరాన ఉన్నవాడికి ఆజ్ఞ అందదు, ఎదురుగా ఉన్నవాడికి ఆజ్ఞ అవసరం లేదు. క్రీగ్‌ష్పీల్ వార్తాహరుడు మధ్యవర్తి లేకుండానే తిరిగి వచ్చాడు.

ఆండ్రియా స్ఫిలిగోయ్ 2007లో రాసిన ‘సాంగ్ ఆఫ్ బ్లేడ్స్ అండ్ హీరోస్’ ఈ ఊగిసలాటను ఆటగాడి ఆశ చేతికే ఇచ్చింది. ఒక్కో బొమ్మకు ఒకటి నుంచి మూడు పాచికల దాకా ఎన్నయినా వేయవచ్చు. గెలిచిన పాచికకో పని. రెండు ఓడితే వంతు మొత్తం ఎదుటివారిది. ఒక్కటే వేస్తే ఆ ప్రమాదం లేదు, కానీ దక్కేది ఒక్క పనే. 4 లేదా అంతకు మించి పడాల్సిన సాధారణ యోధుడికి మూడు వేస్తే, సగం సార్లు వంతు చేజారుతుంది. అంగుళాల టేపు కూడా అక్కర్లేదు, పొట్టి, మధ్యరకం, పొడుగు అని మూడు కర్రముక్కలు చాలు. బల్ల దగ్గర ఊపిరి బిగబట్టించే విషయంలో దీన్ని మించినది దొరకడం కష్టం.

తర్వాత వచ్చిన ఆటలు పాత దారులనే కొత్త సామానుతో నడిచాయి. 2017 నాటి ‘రూన్‌వార్స్’లో ప్రతి దళానికీ చక్రం లాంటి డయల్ ఉంటుంది. ఇద్దరూ తమ ఆజ్ఞలను రహస్యంగా తిప్పి పెడతారు, తర్వాత అంకెల వరసలో బయటపెడతారు. ‘కాన్‌క్వెస్ట్’లో దళాల కార్డులను కట్టగా ముందే పేర్చుకోవాలి, రంగం మారినా పేర్చిన వరస మారదు. 2015లో వార్‌హామర్ స్థానంలో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ ప్రతి రౌండుకూ ముందెవరో పాచికతో తేల్చమంది. దాంతో ఒకే ఆటగాడికి వరసగా రెండు వంతులు దక్కే వీలు కలిగింది. ఈ నియమం మీద వాదులాట ఆటగాళ్లలో నేటికీ తెగలేదు.

2019లో ‘వార్‌లార్డ్స్ ఆఫ్ ఎరెహ్వాన్’ రాసింది మళ్లీ రిక్ ప్రీస్ట్‌లీయే. ఇరుపక్షాల పాచికలూ ఒకే సంచిలో వేసి ఒక్కొక్కటే తీస్తారు, ఎవరి రంగు వస్తే వారి దళం ఒకటి కదులుతుంది. 2024 జనవరిలో ‘ది ఓల్డ్ వరల్డ్’ పేరుతో తిరిగివచ్చిన పాత వార్‌హామర్ లోకం మాత్రం ఒకరి సైన్యం మొత్తం తర్వాత ఇంకొకరి సైన్యం అన్న 1983 నాటి వంతునే నిలబెట్టుకుంది. శత్రువు 8 అంగుళాల్లో ఉంటే కవాతుకు ఇప్పుడు పరీక్ష నెగ్గాలి. దాడికి వేసే రెండు పాచికల్లో పెద్దదాన్నే నడకకు కలుపుతారు.